హైస్కూల్ పిల్లల్ని వైద్యరంగానికి సిద్ధం చేయడం ఎలా? బెంగళూరులోని తెలుగు తల్లిదండ్రులకు

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారంలో బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులు చూడాలి. "బైపీసీకి ఏ కాలేజీ బాగుంటుంది?", "నీట్ కోచింగ్ ఇక్కడే ఇప్పించాలా, విజయవాడ పంపించేయాలా?", "లోకల్ కోటా మనకి వస్తుందా?" అని ప్రశ్న మీద ప్రశ్న. నేను ఇక్కడ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి ఈ ఫోన్లు నాకూ వస్తుంటాయి. నేను తిరిగి అడిగేది ఒకటే: మీ అమ్మాయి ఎప్పుడైనా ఆసుపత్రిలో పని ఎలా జరుగుతుందో చూసిందా? చాలామంది దగ్గర జవాబు ఉండదు. జ్వరమొస్తే వెళ్ళి సూది వేయించుకుని రావడం వేరు, పొద్దున ఎనిమిదింటి నుంచి అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో గమనించడం వేరు.

అందుకే ఇక్కడ పరీక్షల సంగతి తర్వాత చెప్తాను. ముందు పని చూపించాలి, కొన్ని అలవాట్లు చేయించాలి. కాంబినేషన్, కోచింగ్, కౌన్సెలింగ్ ఆ తర్వాత. ఎనిమిదో తరగతిలో మొదలుపెడితే తీరిగ్గా సాగుతుంది. ఇప్పటికే పదిలో ఉన్నా మించిపోయిందేమీ లేదు, మొదటి మూడు పనులూ ఒక వేసవి సెలవుల్లో చేయించవచ్చు.

1. ఒక రక్తం ట్యూబ్ వెంట నడిపించండి

"వైద్యరంగంలో ఎన్నో రకాల ఉద్యోగాలున్నాయి" అని మీరు ఎంత చెప్పినా పిల్లల చెవికెక్కదు. ఈసారి ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్ష రాస్తే పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి ఫోన్ ఇవ్వకండి, చూడమనండి.

రక్తం తీసే మనిషి ముందు "మీ పేరేంటి?" అని అడుగుతారు. చీటీలో పేరు కళ్ళ ముందే ఉన్నా సరే, "మీరు లక్ష్మమ్మగారేనా?" అని మాత్రం అడగరు. ఎందుకో పిల్లల్ని ఊహించమనండి. భయంలో, హడావిడిలో ఉన్న మనిషి ఏ పేరు చెప్పినా "ఆఁ" అనేస్తుంది. ఆ ఒక్క "ఆఁ" వల్ల ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద వెళ్ళిపోతుంది.

తర్వాత ట్యూబ్ మూతల రంగులు చూపించండి. ఊదా రంగు మూతది సీబీసీకి, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్షకి, అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. బూడిద రంగు మూతది షుగర్‌కి, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకపోతే రక్తకణాలు ట్యూబ్‌లో ఉండగానే గ్లూకోజ్‌ని కొంచెం కొంచెంగా వాడేసుకుంటాయి, రిపోర్టులో షుగర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. లేత నీలం మూతది రక్తం గడ్డకట్టే తీరు తెలుసుకునే పరీక్షలకి. ఊదా ట్యూబ్‌ని మెల్లగా ఎనిమిది, పదిసార్లు తలకిందులు చేస్తారు. విసుగుపడి గట్టిగా ఊపేస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి, మళ్ళీ గుచ్చాల్సిందే. తొమ్మిదో తరగతి పిల్లలకి రక్తకణాల పాఠం పుస్తకంలో కన్నా ఇక్కడ ఎక్కువ వంటబడుతుంది.

ఇప్పుడు లెక్కపెట్టమనండి. రక్తం తీసినవాళ్ళు ఒకరు. మెషీన్ మీద పెట్టే ల్యాబ్ టెక్నీషియన్ ఒకరు. అనుమానం వస్తే స్లైడ్ చూసి రిపోర్టు మీద సంతకం చేసే పాథాలజిస్ట్ ఒకరు. ఆ మెషీన్ మొరాయిస్తే వచ్చే బయోమెడికల్ ఇంజినీర్ ఇంకొకరు. ఒక్క చిన్న పరీక్ష వెనక ఇంతమంది. అదే ఆసుపత్రిలో ఎక్స్‌రే, ఎంఆర్ఐ తీసే ఇమేజింగ్ టెక్నాలజిస్టులు, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్లు, డయాలసిస్ టెక్నీషియన్లు, గుండె ఆపరేషన్ జరిగే సేపు హార్ట్ లంగ్ మెషీన్ నడిపే పర్‌ఫ్యూజనిస్టులు, ఫిజియోథెరపిస్టులు, వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టులు, డైటీషియన్లు, ఫార్మసిస్టులు, మెడికల్ సోషల్ వర్కర్లు, మెడికల్ రికార్డ్స్ వాళ్ళు ఉంటారు. అందరికన్నా ఎక్కువసేపు రోగి పక్కన ఉండేది నర్సులు.

ఒక నోట్‌బుక్ ఇచ్చి, ఒక్కో పనికి ఒక్కో పేజీ కేటాయించమనండి. ఏం చదవాలి, ఎన్నేళ్ళు, నిలబడి చేసే పనా కూర్చుని చేసేదా, రాత్రి డ్యూటీలు ఉంటాయా, రోగితో మాట్లాడాలా మెషీన్‌తోనా. ఈ చివరి రెండు ప్రశ్నలూ చాలా ముఖ్యం. మనుషులతో గంటలకొద్దీ మాట్లాడలేని నెమ్మదైన పిల్లలు ల్యాబ్‌లోనో రేడియాలజీలోనో వెలిగిపోతారు. ఎవరినైనా కబుర్లతో కూర్చోబెట్టగల పిల్లల్ని తీసుకెళ్ళి మైక్రోస్కోప్ ముందు పెడితే వాళ్ళకీ నరకమే, పక్కవాళ్ళకీ నరకమే.

2. ఇంట్లో బాధ్యతలు అప్పజెప్పండి

చాలా ఇళ్ళలో ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో ఉంటారు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర, మోకాళ్ళ నొప్పి మాత్ర అన్నీ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో కలగాపులగంగా పడి ఉంటాయి. ఆ డబ్బా లెక్క పిల్లలకి అప్పజెప్పండి. ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, తిన్నాకా తినకముందా, ఎక్స్‌పైరీ ఎప్పుడు, ఇంకా ఎన్ని మిగిలాయి అని ఒక కాగితం మీద పట్టిక వేయించండి. స్ట్రిప్ మీద కంపెనీ పెట్టిన పేరు ఒకటి, అసలు మందు పేరు ఒకటి ఉంటాయి. అసలు పేరు చదవడం నేర్పండి. ఇద్దరు డాక్టర్లు రెండు కంపెనీ పేర్లతో రాసిచ్చిన ఒకే మందుని పెద్దవాళ్ళు రెండు పూటలా వేసుకుంటూ ఉండటం అరుదేమీ కాదు. అలాంటిది కనిపిస్తే పిల్లలు మీకు చెప్పాలి, మీరు డాక్టర్‌కి చెప్పాలి. మాత్ర ఆపడం, మార్చడం ఇంట్లోవాళ్ళ పని కాదు.

బీపీ మెషీన్ ఉంటే దాన్ని సరిగ్గా వాడటం నేర్పించండి. కొలిచే ముందు అరగంట వరకు కాఫీ, టీ ఉండకూడదు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపుకి ఆసరా, పాదాలు రెండూ నేల మీద, చేయి గుండె ఎత్తులో బల్ల మీద. కఫ్ (చేతికి చుట్టే పట్టీ) చొక్కా మీద కాదు, చర్మం మీద కట్టాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం, కఫ్ బిగుసుకోగానే అమ్మమ్మలకి ఊళ్ళో సంగతులన్నీ గుర్తుకొస్తాయి! నవ్వుతూనే వాళ్ళని ఆపగలగడం కూడా ఈ వృత్తిలో ఒక నేర్పే.

ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇంట్లో ఒకసారి పిల్లల చేత కలిపించండి. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసుకి ఇంత అని ఉజ్జాయింపుగా పోస్తే ఉప్పు, చక్కెర పాళ్ళు తప్పుతాయి. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకి వస్తాయి, కాబట్టి వెనక రాసింది చదవడమే మొదటి పని. కలిపింది 24 గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. చిన్న విషయమే, కానీ "ఉన్నది ఉన్నట్టు చదివి, కొలిచి, టైమ్ రాసిపెట్టడం" అన్న అలవాటు నర్సింగ్‌లో, ఫార్మసీలో, మా ల్యాబ్‌లో చివరిదాకా పనికొచ్చేది.

ఫస్ట్ ఎయిడ్ వీడియోల్లో చూసి వచ్చేది కాదు. స్కూల్లో జూనియర్ రెడ్‌క్రాస్ ఉంటే చేర్పించండి. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ శిక్షణ తరగతులు నడుపుతాయి, కొన్ని పెద్ద ఆసుపత్రులు కూడా బొమ్మ మీద సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే పద్ధతి) నేర్పిస్తాయి. ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్ళకైతే ఐదారు సెంటీమీటర్ల లోతు నొక్కాలని చదివిన పిల్లలు బొమ్మ మీద రెండు నిమిషాలు చేసేసరికి చెమటలు కక్కుతారు. చేయి అలవాటు కావాలంటే అలా చెమట పట్టాల్సిందే. నొక్కడం మొదలుపెట్టే ముందే పక్కవాళ్ళ చేత 108కి ఫోన్ చేయించాలన్నది కూడా అక్కడే అలవాటవుతుంది.

రక్తం చూస్తే కళ్ళు తిరిగే పిల్లల గురించి ఒక మాట. "మావాడు సూది చూస్తేనే పడిపోతాడు, వాడికి ఈ లైన్ పనికిరాదు" అని తేల్చేయకండి. అలా కళ్ళు తిరగడం శరీరం అసంకల్పితంగా చేసే పని, ధైర్యానికీ దానికీ సంబంధం లేదు. మెడిసిన్‌లో చేరినవాళ్ళలో కూడా మొదట్లో పడిపోయేవాళ్ళుంటారు, చాలామందికి చూడగా చూడగా తగ్గిపోతుంది. పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో పెడితే సర్దుకుంటారు. నేను భయపడేది వేరేవాళ్ళ గురించి. ఎదుటి మనిషి నొప్పితో మూలుగుతున్నా ఫోన్‌లోంచి తలెత్తని పిల్లలకి మాత్రం ఈ రంగం గురించి రెండోసారి ఆలోచించమని చెప్తాను.

3. బయటికి తీసుకెళ్ళండి, ఆసుపత్రి మర్యాద నేర్పండి

ఈ విషయంలో బెంగళూరు పిల్లలు అదృష్టవంతులు. హోసూరు రోడ్డులో మానసిక, నరాల జబ్బుల పెద్దాసుపత్రి నిమ్హాన్స్‌లో మెదడు మ్యూజియం ఉంది. దానం చేసిన మనుషుల మెదళ్ళు అక్కడ భద్రపరిచారు, నిజమైన మెదడుని చేత్తో తాకి చూసే అవకాశం కూడా ఇస్తారు. సందర్శన రోజులు, వేళలు ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. బళ్ళారి రోడ్డులో సైన్స్ గ్యాలరీ బెంగళూరు ఉంది, అక్కడి ప్రదర్శనలు ముఖ్యంగా కుర్రకారు కోసమే పెడతారు. సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్సీ ఏడాదికోసారి ఓపెన్ డే పెట్టి ల్యాబులన్నీ తెరుస్తుంది. ఆ రోజు కిటకిటలాడుతుంది, పొద్దున్నే వెళ్ళి జీవశాస్త్రం విభాగాలు ముందు చూసేయండి.

ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండి చూడటం మాత్రం అంత తేలిక కాదు, తేలిక కాకూడదు కూడా. 18 నిండని పిల్లల్ని వార్డుల్లో తిరగనివ్వరు. స్కూల్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించి, మీ పేటలోని చిన్న నర్సింగ్ హోమ్‌నో, ఫిజియోథెరపీ సెంటర్‌నో, డయాగ్నస్టిక్ ల్యాబ్‌నో అడిగి చూడండి. రెండు మూడు చోట్ల కాదన్నా ఎక్కడో ఒకచోట సరే అంటారు. హెల్త్ క్యాంపులు ఇంకా తేలిక. తెలుగు సంఘాలు, లయన్స్, రోటరీ క్లబ్బులు ఆదివారాలు కంటి పరీక్షలు, బీపీ, షుగర్ క్యాంపులు పెడుతుంటాయి. పేర్లు రాయడానికి, క్యూ నడపడానికి పిల్లల అవసరం వాళ్ళకి ఎప్పుడూ ఉంటుంది. రక్తదానం చేయాలంటే 18 ఏళ్ళు, 45 కిలోలు ఉండాలి కాబట్టి పిల్లలు ఇవ్వలేరు. శిబిరంలో ఇచ్చినవాళ్ళని కాసేపు కూర్చోబెట్టి జ్యూస్ తాగించే డ్యూటీ మాత్రం చేయవచ్చు.

పంపే ముందు ఈ కట్టుబాట్లు ఖచ్చితంగా చెప్పండి. ఫోటోలు, రీల్స్ వద్దు. రోగి పేరు, జబ్బు ఇంటికొచ్చాక మీకు కూడా చెప్పకూడదు, "ఈరోజు ఒక పెద్దాయన వచ్చాడు" అంటే చాలు. చేతులు కడుక్కోకుండా ఏదీ ముట్టుకోకూడదు. సూదులు పడేసిన డబ్బా దగ్గరికే వెళ్ళకూడదు. హెపటైటిస్ బి టీకాలు పూర్తయ్యాయో లేదో, 10, 16 ఏళ్ళకి వేయాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) పడిందో లేదో ముందే చూసుకోండి.

4. మూడు భాషలు

బెంగళూరులోని పెద్దాసుపత్రుల ఓపీ దగ్గర పొద్దున ఆరింటికి నిలబడి చూడండి. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్ళు ప్లాస్టిక్ కవర్‌లో పాత రిపోర్టులు పట్టుకుని ఉంటారు. బోర్డులు కన్నడలో, ఇంగ్లీషులో. కౌంటర్‌లో అడిగేది కన్నడలో, హిందీలో. వాళ్ళకి వచ్చింది తెలుగు. ఇలాంటి చోట తెలుగూ కన్నడమూ రెండూ గలగలా మాట్లాడే మన ఇంటి పిల్లలు ఎంత అక్కరకొస్తారో నేను రోజూ చూస్తున్నాను. ఆ పిల్లలే రేపు నర్సులై, టెక్నీషియన్లై వస్తే అసలు చెప్పక్కర్లేదు.

కాబట్టి కన్నడం స్కూల్లో మార్కుల కోసం నెట్టుకొచ్చే సబ్జెక్టుగా మిగిలిపోకూడదు. ఇంట్లో తెలుగు మాట్లాడటమే కాదు, చదవడం కూడా వచ్చి ఉండాలి. సాధన ఇలా చేయించండి: ఊళ్ళో బంధువు ఫోన్ చేసి "ఒంట్లో బాలేదు" అన్నప్పుడు స్పీకర్ పెట్టి, పిల్లలని అడగమనండి. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఉన్నట్టుండి వచ్చిందా మెల్లగా వచ్చిందా, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది, ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా, ఏం మందులు వాడుతున్నారు. తర్వాత దాన్ని ఐదు వాక్యాల్లో ఇంగ్లీషులో రాయించండి. మెడికల్ కాలేజీలో కేస్ హిస్టరీ అని మొదట నేర్పేది ఇదే.

ఒక హద్దు ఉంది. కౌంటర్ ఎక్కడో చూపించడం, ఫారం నింపిపెట్టడం పిల్లలు చేయవచ్చు. డాక్టర్ చెప్పే జబ్బు సంగతి, ఆపరేషన్‌కి ఒప్పుకోలు సంతకం, చెడు కబురు తర్జుమా చేయడం పిల్లల చేత చేయించకూడదు. ఎవరైనా అడిగితే "పెద్దవాళ్ళని పిలుస్తాను" అనడం నేర్పండి.

పరీక్షలో తెలుగు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నీట్ తెలుగులో ఉంటుంది, నిజమే. కానీ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. బెంగళూరు సెంటర్ పెట్టుకుంటే ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, కన్నడ మాత్రమే.

5. పదో తరగతి తర్వాత కాంబినేషన్

ఇక్కడ "బైపీసీ" అని అడిగితే కాలేజీవాళ్ళు పీసీఎంబీ ఫారం చేతికిస్తారు. కర్ణాటక పీయూసీ (మన ఇంటర్ లాంటిదే) సైన్స్‌లో ఎక్కువ కాలేజీలు నడిపేది అదే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు మ్యాథ్స్ కూడా చదవాలి. మన ఊళ్ళలో లెక్కలంటే భయపడి బైపీసీకి వెళ్ళే పద్ధతి ఉంది కదా, ఆ దారి ఇక్కడ ఇరుకు. మ్యాథ్స్ బదులు వేరే సబ్జెక్టు ఇచ్చే కాలేజీలు కొన్ని ఉంటాయి, వెతుక్కోవాలి. నన్నడిగితే పీసీఎంబీయే మేలు. బయోమెడికల్ ఇంజినీరింగ్ లాంటి దారులు మూసుకుపోవు, కర్ణాటక ప్రవేశ పరీక్ష కేసీఈటీలో ఇంజినీరింగ్ ర్యాంకు కూడా వస్తుంది. కానీ లెక్కల వల్ల నిద్ర పట్టని పిల్లల మీద రుద్దకండి. డాక్టర్‌కైనా నర్సుకైనా కావాల్సినవి పీసీబీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ), ఇంగ్లీషే.

కాలేజీకి పోకుండా కోచింగ్‌లోనే కూర్చోబెట్టి, హాజరు మేమే చూసుకుంటాం అనే చోట్లకి దూరంగా ఉండండి. 75 శాతం హాజరు నిబంధన ఎప్పుడు ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియదు. దాన్ని మించిన నష్టం ఇంకొకటుంది: రెండేళ్ళూ ప్రాక్టికల్స్ చేయకుండా వచ్చిన పిల్లలకి పిపెట్ పట్టుకోవడం రాదు, మైక్రోస్కోప్ ఫోకస్ చేయడం రాదు. అలాంటివాళ్ళు మా ల్యాబ్‌కి ట్రైనింగ్‌కి వస్తే మొదటి నెలంతా ఆ పాఠమే.

6. మీరు ఏ రాష్ట్రానికి లోకల్?

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తొమ్మిదో తరగతిలోనే ఒక కాగితం మీద పిల్లలు ఏ తరగతి ఏ ఊళ్ళో చదివారో ఒకటి నుంచి రాసుకోండి.

కర్ణాటకలో సీట్ల కౌన్సెలింగ్ చేసే కేఈఏ (కర్ణాటక ఎగ్జామినేషన్స్ అథారిటీ) నిబంధనల్లో ఎక్కువమందికి వర్తించేది ఇది: ఒకటో తరగతి నుంచి సెకండ్ పీయూసీ లోపు కనీసం 7 విద్యాసంవత్సరాలు రాష్ట్రంలో చదివి, పదో తరగతి గానీ సెకండ్ పీయూసీ గానీ ఇక్కడే పాసై ఉండాలి. తల్లిదండ్రుల చదువు, ఉద్యోగాన్ని బట్టి వేరే క్లాజులు కూడా ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో లెక్క వేరు. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా 4 ఏళ్ళు అక్కడ చదివి ఉండాలన్నది ముఖ్యమైన సూత్రం.

ఇప్పుడు విజయవాడ హాస్టల్ ఆలోచన మళ్ళీ చూడండి. పది వరకు బెంగళూరులో చదివి ఇంటర్‌కి మాత్రం విజయవాడ వెళ్ళిన పిల్లలు ఆ రెండేళ్ళతో ఆంధ్రకి లోకల్ అయిపోరు. చదువు అక్కడ బాగుంటుందని పంపితే సరే, లోకల్ కోటా వస్తుందని పంపితే మాత్రం పొరపాటే. అలాగే తొమ్మిదిలో బదిలీ మీద బెంగళూరు వచ్చిన ఇంటి పిల్లలకి ఇక్కడ ఏడేళ్ళు నిండవు, అక్కడ వరుస నాలుగేళ్ళూ తెగిపోతాయి. అలాంటివాళ్ళు రెండు రాష్ట్రాల నిబంధనలూ దగ్గర పెట్టుకుని ప్రతి క్లాజూ చదవాలి. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం ఆల్ ఇండియా కోటా సీట్లకి ఈ లోకల్ గొడవ ఉండదు, వాటి కౌన్సెలింగ్ కేంద్రం తరఫున ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) చేస్తుంది. కర్ణాటక సీట్లకి కేఈఏ చేస్తుంది, ఆఫీసు మల్లేశ్వరంలో.

స్టడీ సర్టిఫికెట్లు, శాట్స్ నంబర్ (కర్ణాటక బడుల్లో ప్రతి విద్యార్థికీ ఇచ్చే నంబర్), ఆధార్‌లో, మార్కుల జాబితాలో పేరు ఒకేలా ఉందా అన్నవి ముందే సరిచూసుకోండి. మన పిల్లలకి ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. కౌన్సెలింగ్ రోజున అదే పెద్ద తలనొప్పి అవుతుంది. ఇక్కడి రిజర్వేషన్ కావాలంటే ఆంధ్రలో తీసుకున్న కుల సర్టిఫికెట్ చెల్లదు. నాడకచేరిలో (ఇక్కడి రెవెన్యూ ఆఫీసు) తీసుకున్న కర్ణాటక సర్టిఫికెట్, దాని మీద ఉండే ఆర్‌డీ నంబర్ ఉండాలి, పైగా మీ కులం ఇక్కడి జాబితాలో ఏ వర్గంలో ఉందో, అసలు ఉందో లేదో చూసుకోవాలి.

7. నీట్ గురించి కొంచెం

దీని మీద చెప్పేవాళ్ళకి కొదవలేదు కాబట్టి ముఖ్యమైనవే చెప్తాను. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. సరైన జవాబుకి 4, తప్పుకి 1 పోతుంది. అందులో బయాలజీ 90 ప్రశ్నలు, అంటే సగం. బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని మించింది లేదు, బొమ్మల కింద రాసిన వాక్యాలతో సహా చదవాలి. ర్యాంకు తారుమారయ్యేది మాత్రం ఎక్కువగా ఫిజిక్స్‌లో, కాబట్టి తొమ్మిది, పది తరగతుల్లో లెక్కలు, ఫిజిక్స్ పునాది గట్టిగా పడాలి. ఆ వయసులోనే నీట్ ఫౌండేషన్ కోర్సుకి లక్షలు పోయాల్సిన అవసరం నాకు కనిపించదు. ప్రవేశం పొందే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండాలి, చిన్న వయసులో బడిలో వేసిన పిల్లల విషయంలో ఇది గుర్తుంచుకోండి.

లాంగ్ టర్మ్ కోచింగ్ గురించి పరీక్షకి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఇంకో ఏడాది చదివిస్తారా, ఏ మార్కుల దగ్గర వేరే దారి చూస్తారు అన్నది ఫలితం వచ్చిన రోజు ఏడుపుల మధ్య తేల్చే విషయం కాదు. టెన్షన్ హద్దు దాటి నిద్ర, తిండి మానేస్తుంటే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

8. మిగతా కోర్సులు, కాలేజీని చూసే పద్ధతి

నోట్‌బుక్‌లో పిల్లలు రాసుకున్న పేజీలు ఇప్పుడు తీయించండి. బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్ళు, పీసీబీ ఇంగ్లీషు కలిపి కనీసం 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి సడలింపు. నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం 3 ఏళ్ళు. ఫార్మ్ డీ 6 ఏళ్ళు, బీఫార్మసీ 4, డీఫార్మసీ 2. ల్యాబ్, ఇమేజింగ్, డయాలసిస్, థియేటర్ టెక్నాలజీ, ఆప్టోమెట్రీ లాంటి అలైడ్ హెల్త్ డిగ్రీలకి ఇక్కడ రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉంటుంది. వినికిడి, మాట చికిత్స మీద ఆసక్తి ఉంటే మైసూరులోని ఏఐఐఎస్‌హెచ్ (ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) పేరున్న సంస్థ. 2021లో అలైడ్ హెల్త్ వృత్తులకి జాతీయ స్థాయిలో చట్టం వచ్చింది. దాని కింద సిలబస్‌లు, ప్రవేశ పద్ధతులు మారుతున్నాయి. కాబట్టి ఫిజియోథెరపీ లాంటి వాటికి పోయిన ఏడాది పక్కింటివాళ్ళు ఎలా చేరారన్నది ప్రమాణం కాదు, మీ ఏడాది నోటిఫికేషన్ చూడండి. నిమ్హాన్స్ తన కోర్సులకి విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది.

బెంగళూరులో నర్సింగ్, పారామెడికల్ కాలేజీలు సందుకొకటి ఉన్నాయి. వాటిలో చాలా మంచివీ ఉన్నాయి, రెండంతస్తుల భవనం, రంగుల బ్రోచర్ తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. తేడా పట్టుకోవడానికి ఒక పని చేయండి. ముందు చెప్పకుండా మామూలు రోజు పొద్దున ఏడున్నరకి కాలేజీ గేటు దగ్గరికి వెళ్ళండి. పిల్లలు యూనిఫాంలో క్లినికల్ డ్యూటీకి బయల్దేరుతున్నారా? ఏ ఆసుపత్రికి? సొంత ఆసుపత్రి అంటే ఎన్ని పడకలు, అందులో రోగులు ఉన్నారా? చివరి ఏడాది చదివే తెలుగు పిల్లలు ఎక్కడో ఒకచోట కనిపిస్తారు, టీ ఇప్పించి కూర్చోబెట్టండి. ఎన్ని ప్రసవాలు దగ్గరుండి చూశారు, ఎన్ని ఇంజెక్షన్లు తమ చేత్తో ఇచ్చారు, పరీక్ష ఫీజు పేరుతో మధ్యలో ఎంత లాగారు అని అడిగితే దాచకుండా చెప్తారు. ఆఫీసులో విశ్వవిద్యాలయం అనుబంధం పత్రం ఈ ఏడాదిది చూపించమనండి. నర్సింగ్ అయితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు కూడా అడగండి. పాత ఏడాది పత్రం ఫ్రేమ్ కట్టి గోడకి పెట్టడం మామూలే.

ఊళ్ళోనే "సీటు బుక్ చేస్తాం, తర్వాత ఫీజు కట్టుకోవచ్చు" అనే ఏజెంట్ కమీషన్ ఎవరి దగ్గర తీసుకుంటున్నాడో ఆలోచించండి. డబ్బు ఏదైనా కాలేజీ ఖాతాకే కట్టాలి, రసీదు మీద కోర్సు పేరు, ఏడాది ఉండాలి. అతని చేతికి ఒరిజినల్ మార్కుల జాబితా, టీసీ ఇవ్వకండి. జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద ఏ కాలేజీ కోసం ఇస్తున్నారో, తేదీతో సహా పెన్నుతో రాసి ఇవ్వండి.